చింతపిక్కలతో బేస్‌బాల్ పందెం: మొదటి 5 ఇన్నింగ్స్ తేడా లెక్కగట్టడం ఎలా

టోక్యోలో సాయంత్రం 7 గంటలకి బేస్‌బాల్ మ్యాచ్ మొదలైతే మనకి మధ్యాహ్నం మూడున్నర. పర్లాకిమిడిలో ఆ టైమ్‌కి బజారు ఇంకా పూర్తిగా లేవదు, మా బట్టల కొట్టు షట్టరు సగం దించే ఉంటుంది, భోజనం చేసి కూర్చున్నవాళ్లకి చేతిలో ఫోను తప్ప పనుండదు. నేనూ, పాతపట్నం నుంచి బండి మీద వచ్చే మా బావా, బరంపురంలో ఇంజినీరింగ్ చదువుతూ ఫోన్లోనే కలిసే మా మేనల్లుడూ, ముగ్గురం ఆ గంటన్నరలో ఆడే ఆట ఒకటుంది. మ్యాచ్ చివరికి ఎవరు గెలుస్తారో మాకు అక్కర్లేదు. మొదటి 5 ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎవరు ఎన్ని పరుగులు ముందుంటారు, అదీ పందెం. పందెంలో పెట్టేవి చింతపిక్కలు. మా అమ్మ వామనగుంటల పీటతో పాటు దాచుకున్న డబ్బాలోవే.

ఎలా ఆడతారు, లెక్క ఎలా కడతారు అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. క్రికెట్ తెలిసి బేస్‌బాల్ కొత్తయినవాళ్లకి అర్థమయ్యేలాగే రాస్తాను.

ముందు డబ్బు మాట. ఇందులో రూపాయి పెట్టకండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం, అది తెలివితో ఆడే ఆటా అదృష్టం మీద నడిచే ఆటా అన్న తేడా కూడా లేదు. నడిపేవాళ్లకి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మా పర్లాకిమిడి ఉన్న ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఎలాగూ ఉంది, సరిహద్దు దాటి పాతపట్నం వెళితే అక్కడ ఆంధ్రా వాళ్లు 2020లోనే తమ గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ పందేలని మూసేశారు. అటూ ఇటూ ఏ ఒడ్డున కూర్చున్నా ఒకటే. విదేశీ యాప్ కదా, మనల్ని ఎవరు చూస్తారు అనుకునేవాళ్లకి చెప్పేదేమిటంటే, చూసేవాళ్లు లేని చోటే డబ్బు ఇరుక్కుంటుంది, అడగడానికి అటు మనిషి కూడా ఉండడు.

నాకు తెలిసే చెబుతున్నాను. 2023 మార్చిలో, వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ (దేశాల జట్లు ఆడే ప్రపంచ కప్పు లాంటిది) సెమీఫైనల్, జపాన్‌కీ మెక్సికోకీ. మయామిలో రాత్రి 7 అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను వీధి గుమ్మంలో కూర్చుని ఫోను చూస్తున్నాను. ఒక యాప్‌లో 4,000 రూపాయలు పెట్టాను, మొదటి 5 ఇన్నింగ్స్‌లో జపాన్ ముందుంటుందని. జపాన్‌కి బంతి విసిరే పిచర్ రోకి ససాకి గంటకి 160 కిలోమీటర్లకి పైగా విసురుతున్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. 4వ ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. తర్వాత రెండు మామూలు సింగిల్స్ (ఒక్కో బేస్ దాకా వెళ్లే దెబ్బలు, నాలుగు బేస్‌లూ చుట్టి వస్తేనే పరుగు), ఆ వెంటనే లూయిస్ ఉరియాస్ హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టినవాడితో పాటు బేస్‌ల మీద ఉన్నవాళ్లందరికీ పరుగు. మెక్సికో 3, జపాన్ 0. ఆ తర్వాతి ఇన్నింగ్స్‌లో ఒకామోటో కొట్టిన బంతి కంచె దాటిపోతుంటే రాండీ అరొజరేనా ఎగిరి గోడ పైనుంచి అందుకున్నాడు. 5 ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-0 అలాగే ఉంది. తర్వాత 7వ ఇన్నింగ్స్‌లో యోషిదా 3 పరుగుల హోమ్ రన్ కొట్టడం, చివర్లో మురకామి దెబ్బకి జపాన్ 6-5తో గెలవడం మీకు తెలిసిందే. జపాన్ గెలిచింది, నా 4,000 పోయింది. అంతకు ముందు గెలిచిన కాస్త డబ్బు వెనక్కి తీసుకుందామంటే ఆ యాప్ ఏవేవో కాగితాలు అడిగి చివరికి జవాబివ్వడమే మానేసింది. మా ఆవిడకి చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులు పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

కానీ ఆ మ్యాచే నాకు ఈ ఆట నేర్పింది. మ్యాచ్ వేరు, మొదటి 5 ఇన్నింగ్స్ వేరు.

ఎందుకు వేరో చెబుతాను. బేస్‌బాల్‌లో రెండు జట్లూ 9 ఇన్నింగ్స్ ఆడతాయి, ప్రతి ఇన్నింగ్స్‌లో జట్టుకి 3 అవుట్లు. బ్యాటర్లు 9 మంది వరసగా వస్తూనే ఉంటారు, పోయిన ఇన్నింగ్స్ ఎక్కడ ఆగిందో ఈ ఇన్నింగ్స్ అక్కడి నుంచే మొదలు. పిచర్ అంటే మన బౌలర్, అయితే ఓవర్ ఓవర్‌కీ మారడు, దింపేసేదాకా ఒక్కడే వేస్తాడు, దిగాక మళ్లీ వేయడానికి రాడు. మ్యాచ్ మొదలుపెట్టేవాణ్ని స్టార్టర్ అంటారు, తర్వాత ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ల గుంపుని బుల్‌పెన్ అంటారు. కాబట్టి మొత్తం మ్యాచ్ చెప్పాలంటే బుల్‌పెన్‌లో ఏడెనిమిది మంది ఎలా ఉన్నారో తెలియాలి, 5 ఇన్నింగ్స్ చెప్పాలంటే ముఖ్యంగా ఇద్దరు స్టార్టర్లు తెలిస్తే చాలు. తెలుసుకోవాల్సింది తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ప్రతి ఇన్నింగ్స్‌లో సొంతగడ్డ జట్టు రెండో వంతులో బ్యాటింగ్ చేస్తుంది, ముందంజలో ఉంటే 9వ ఇన్నింగ్స్‌లో ఇక ఆడదు, వెనకబడి గెలిస్తే గెలుపు పరుగు రాగానే ఆట ఆగిపోతుంది, అందుకే మొత్తం మ్యాచ్ తేడాలో సొంతగడ్డ జట్టుకి కాస్త కోత పడుతుంది. మొదటి 5లో ఆ బాధ లేదు, ఇద్దరికీ అయిదేసి ఇన్నింగ్స్ పూర్తిగా దక్కుతాయి.

లైన్ అంటే ఏమిటో మా బావకి అర్థం చేయించడానికి ఒక సాయంత్రం పట్టింది. "ఏటి, అర పరుగు ఎవడు తీస్తాడు?" అన్నాడు. ఎవడూ తీయడు బావా, తగవు రాకుండా పెట్టుకున్న గీత అది. జపాన్ మైనస్ 0.5 అంటే 5 ఇన్నింగ్స్ తర్వాత జపాన్ కనీసం ఒక్క పరుగు ముందుండాలి, సమానంగా ఉంటే జపాన్ పట్టుకున్నవాడు ఓడినట్టే. మైనస్ 1.5 అంటే కనీసం రెండు ముందుండాలి. అవతలివాడికి ప్లస్ 1.5, అంటే వాడి జట్టు ఒక్క పరుగు వెనకబడినా వాడు గెలిచినట్టే. ఎదురుగా సున్నా లైన్ పెట్టుకుంటే, సమానమైనప్పుడు ఎవరి పిక్కలు వాళ్లకి. 5 ఇన్నింగ్స్‌కి స్కోరు సమానంగా ఉండటం మీరనుకున్నంత అరుదు కాదు, అందుకే సున్నాకీ 0.5కీ మధ్య తేడా చాలా పెద్దది. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే, అర పరుగే కదా అని.

ఇక అసలు పని. అంతర్జాతీయ మ్యాచ్‌కి కూర్చునే ముందు జట్ల పేర్లు కాదు, టోర్నమెంటు రూల్స్ చదవండి. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో పిచర్ ఎన్ని బంతులు వేయొచ్చో పరిమితి ఉంది. 2023లో మొదటి రౌండులో 65, క్వార్టర్ ఫైనల్లో 80, సెమీస్, ఫైనల్లో 95. 50 గానీ అంతకు మించి గానీ వేస్తే 4 రోజులు, 30 గానీ అంతకు మించి గానీ వేస్తే ఒక రోజు విశ్రాంతి తప్పనిసరి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కేయండి. ఒక ఇన్నింగ్స్‌కి మామూలుగా 16 బంతుల దాకా పడతాయి. 65ని 16తో భాగిస్తే 4. అంటే మొదటి రౌండులో ఎంత గొప్ప స్టార్టరైనా 4 ఇన్నింగ్స్ వేసేసరికి గీత దగ్గరికి వచ్చేస్తాడు. మీరు 5 ఇన్నింగ్స్‌కి పందెం కాస్తే అందులో అయిదోది వేరేవాడు వేస్తాడన్నమాట. ఆ వేరేవాడెవరో తెలియకుండా లైన్ పట్టుకోకూడదు.

పైగా కోచ్‌లు గీత దాకా కూడా వెళ్లనివ్వరు. 2023 మార్చిలో చైనా మీద, జపాన్‌కి పిచింగూ బ్యాటింగూ రెండూ చేసే షోహెయ్ ఒహ్తాని 4 ఇన్నింగ్స్ వేశాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు, వేసినవి 49 బంతులు. 50 కాదు, 49. యాభైయ్యోది వేస్తే నాలుగు రోజులు కూర్చోవాలి మరి. నేను ఈ అంకె చూశాక స్టార్టర్ పేరు పక్కన "ఎంతవరకు వేయనిస్తారు" అని ఇంకో గడి గీసుకున్నాను నోటుబుక్కులో. అదే ఏడాది ఫైనల్ చూడండి, జపాన్ స్టార్టర్ షోటా ఇమనాగా 2 ఇన్నింగ్సే, అమెరికా స్టార్టర్ మెరిల్ కెల్లీ రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు. పరిమితి 95 ఉంది, అయినా అంతదాకా ఏ కోచ్ ఆగలేదు, ఓడితే ఇంటికే కాబట్టి కాస్త తడబడగానే మార్చేశారు. 5 ఇన్నింగ్స్‌కి జపాన్ 3-1 ముందుంది, చివరికి 3-2. ఫైనల్ అనగానే స్టార్టర్ల పేర్లు చూసి లైన్ పట్టుకుంటే మునుగుతాం, అక్కడ మొదటి 5 ఇన్నింగ్స్ కూడా బుల్‌పెన్ ఆటే.

స్టార్టర్ మారిపోవడం ఇంకో గొడవ. 2024 నవంబరులో ప్రీమియర్ 12 టోర్నమెంటు, టోక్యో డోమ్‌లో. జపాన్, తైవాన్ రెండూ అప్పటికే ఫైనల్‌కి వచ్చేశాయి, ముందురోజు మళ్లీ ఆ రెండిటికే మ్యాచ్, ఫలితంతో పని లేని మ్యాచ్. దానికి తైవాన్ స్టార్టర్‌గా లిన్ యు-మిన్ పేరు ప్రకటించారు, తీరా మ్యాచ్ టైమ్‌కి జరిమానా కట్టి మరీ అతన్ని తప్పించి ఫైనల్‌కి దాచుకున్నారు. ఆ రోజు జపాన్ 9-6తో గెలిచింది. మర్నాడు లిన్ 4 ఇన్నింగ్స్ జపాన్‌ని సున్నా మీద కూర్చోబెట్టాడు, 4 ఇన్నింగ్స్‌కి 0-0. అయిదో ఇన్నింగ్స్‌లో లిన్ చియా-చెంగ్ ఒక హోమ్ రన్, వెనకే కెప్టెన్ చెన్ చియే-షియెన్ 3 పరుగుల హోమ్ రన్. ఫైనల్ 4-0, మొత్తం పరుగులన్నీ ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో జపాన్ వరసగా గెలుస్తూ వచ్చిన 27 మ్యాచ్‌ల జోరు అక్కడ ఆగింది. ఆ రోజు 4 ఇన్నింగ్స్ అయ్యాక మా బావ పిక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు, తైవాన్ మైనస్ 0.5 పట్టుకున్న మేనల్లుడు ఫోన్లో "మావయ్యా, ఇంకో ఇన్నింగ్స్ ఉంది కదా" అంటూనే ఉన్నాడు.

కాబట్టి రూల్ ఒకటి పెట్టుకోండి: ఫలానా ఇద్దరు స్టార్టర్లు వేస్తేనే పందెం, మారితే రద్దు. మ్యాచ్ మొదలయ్యే ముందు వచ్చే లైనప్ (ఆడేవాళ్ల జాబితా) చూడకుండా పిక్క బయటికి తీయకూడదు.

ఇప్పుడు స్టార్టర్‌ని చదవడం. ఈ.ఆర్.ఏ అని ఒక అంకె ఉంటుంది, 9 ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిస్తాడో చెబుతుంది. ఫీల్డర్ల తప్పు వల్ల వచ్చిన పరుగులు అందులో కలపరు. విప్ అని ఇంకొకటి, ఇన్నింగ్స్‌కి ఎంతమందిని బేస్ ఎక్కనిస్తున్నాడో చెబుతుంది, హిట్లూ (బ్యాటర్ కొట్టి బేస్ ఎక్కడం) వాక్‌లూ (నాలుగు తప్పు బంతులకి ఊరికే బేస్ దక్కడం) కలిపి ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది. 1.00 దగ్గర ఉంటే చాలా మంచివాడు, 1.50 దాటితే ప్రతి ఇన్నింగ్స్‌లో గుండె దడే. నేను వీటికంటే ముందు చూసేది స్ట్రైకౌట్లకీ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) వాక్‌లకీ ఉన్న తేడా. కొత్త దేశం బ్యాటర్లు ఎదురొచ్చినప్పుడు పాత సగటులు అటూ ఇటూ అవుతాయి గానీ, బంతిని అనుకున్న చోట వేయగలవాడు ఎక్కడైనా వేస్తాడు. ఈ అంకెలు బేస్‌బాల్ రిఫరెన్స్, ఫాన్‌గ్రాఫ్స్ సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. జపాన్, కొరియా లీగుల సొంత సైట్లకి ఇంగ్లిషు పేజీలున్నాయి. మూడు మ్యాచ్‌ల అంకెలు చూసి మురిసిపోకండి, కనీసం ఒక సీజన్ చూడండి.

లెక్క ఎలా కట్టాలో ఒక పేజీ చూపిస్తాను, జట్లు ఊహకే. ఎర్ర జట్టు స్టార్టర్ ఈ.ఆర్.ఏ 3.00, ఇతను 5 ఇన్నింగ్స్ వేస్తాడనుకుందాం. 3ని 9తో భాగించి 5తో గుణిస్తే 1.67. నీలం జట్టు అన్ని పరుగులు చేస్తుందని అంచనా. నీలం స్టార్టర్ ఈ.ఆర్.ఏ 4.50, పరిమితి వల్ల 4 ఇన్నింగ్సే వేస్తాడు, అంటే 2.00. అయిదోది వేసేవాడి ఈ.ఆర్.ఏ 4.00, ఒక ఇన్నింగ్స్‌కి 0.44. మొత్తం 2.44, ఇవి ఎర్ర జట్టు చేసే పరుగులు. 2.44లోంచి 1.67 తీస్తే 0.77. ఎర్ర జట్టు ముప్పావు పరుగు పైన ముందుంటుందని నా లెక్క. లైన్ ఎర్ర మైనస్ 0.5 అయితే ఆలోచిస్తాను, మైనస్ 1.5 అయితే నీలం వైపు వెళ్తాను. సరిచూసుకోవడానికి ఒక కొలబద్ద ఉంది: అమెరికా మేజర్ లీగ్‌లో జట్టుకి మ్యాచ్‌కి ఉజ్జాయింపుగా నాలుగున్నర పరుగులు, అంటే ఇన్నింగ్స్‌కి అర పరుగు, 5 ఇన్నింగ్స్‌కి రెండున్నర. మీ లెక్కలో ఒక జట్టుకి 5 ఇన్నింగ్స్‌లో 6 పరుగులు వస్తుంటే ఎక్కడో గుణకారం తప్పింది, లేదా అభిమానం ఎక్కువైంది.

అంకె వచ్చాక దాన్ని అటూ ఇటూ జరపడం దగ్గరే నేర్పంతా. మొదటి ఇన్నింగ్స్‌లో పరుగులు ఎక్కువ పడతాయి, ఎందుకంటే జట్టులో మంచి బ్యాటర్లు వరసలో ముందే వస్తారు, ఏ కోచ్ అయినా అలాగే పేరుస్తాడు. రెండో ఇన్నింగ్స్‌లో మామూలుగా కింది వరస వస్తుంది కాబట్టి తగ్గుతుంది. మళ్లీ పైవాళ్లు వచ్చేసరికి మూడో ఇన్నింగ్స్. పిచర్‌ని రెండోసారి, మూడోసారి చూస్తున్నకొద్దీ బ్యాటర్‌కి అతని బంతి తెలిసిపోతుంది. 2023లో జపాన్-కొరియా మ్యాచ్ నాకు బాగా గుర్తు. కొరియా స్టార్టర్ కిమ్ క్వాంగ్-హ్యున్ మొదటి రెండు ఇన్నింగ్స్‌లో 5 స్ట్రైకౌట్లు తీశాడు. మూడో ఇన్నింగ్స్‌లో కొరియా 3-0 ముందంజ వేసింది కూడా. అదే ఇన్నింగ్స్ కింది సగంలో, అంటే రెండో వంతులో, జపాన్ చివరి బ్యాటర్లు ఇద్దరూ వాక్‌ల మీద బేస్ ఎక్కారు, పై వరస రెండోసారి వచ్చింది, నూట్‌బార్ ఒకటి, కోండో ఒకటి తగిలించారు, కిమ్ దిగిపోయాడు. ఆ సగంలోనే 4 పరుగులు. మ్యాచ్ 13-4తో ముగిసింది. అప్పటి నుంచి నేను స్టార్టర్ "మొదటి చుట్టు"నీ "రెండో చుట్టు"నీ వేర్వేరుగా రాసుకుంటున్నాను. కాయాపండా అని మామిడిపండు నొక్కి చూసినట్టు, రెండో చుట్టులో మొదటి ముగ్గురు బ్యాటర్లని అతను ఎలా దాటాడో చూస్తే పిచర్ సంగతి తెలిసిపోతుంది.

పెద్ద జట్టుకీ చిన్న జట్టుకీ మ్యాచ్ అయితే నా సలహా ఒక్కటే, మొదటి 5 ఇన్నింగ్స్‌కి పెద్ద తేడాల జోలికి వెళ్లకండి. చిన్న జట్టుకి మంచి పిచర్ ఒక్కడో ఇద్దరో ఉంటారు, వాళ్లలో ఒకడే స్టార్టర్‌గా వస్తాడు. వాడు వేసినంతసేపు మ్యాచ్ మ్యాచ్‌లానే ఉంటుంది. వాడు దిగాకే గేట్లు తెరుచుకుంటాయి. ఇందాక చెప్పిన చైనా మ్యాచ్‌లో 5 ఇన్నింగ్స్‌కి జపాన్ 3-0, మ్యాచ్ చివరికి 8-1. మూడున్నర లైన్ పట్టుకున్నవాడు ఒహ్తాని అంత బాగా వేసినా ఓడేవాడు. రెండు రోజుల తర్వాత చెక్ రిపబ్లిక్ ఇంకా ముచ్చట. వాళ్ల స్టార్టర్ ఒండ్రేయ్ సటోరియా వృత్తి రీత్యా ఎలక్ట్రీషియన్. నిమ్మళంగా, నెమ్మదైన బంతులతో ఒహ్తానిని స్ట్రైకౌట్ చేశాడు. పైగా మొదటి ఇన్నింగ్స్‌లో జపాన్ ఫీల్డింగ్ తప్పు మీద చెక్ జట్టే 1-0 ముందంజ వేసి మూడో ఇన్నింగ్స్ దాకా నిలబెట్టుకుంది. చివరికి 10-2. పది పరుగులు చూసి మొదటి నుంచీ ఉతికేశారనుకుంటే పొరపాటు. ఆ రోజు కొట్లో మూరి మిక్చర్ పొట్లం విప్పి పట్టుకుని తినడం మర్చిపోయి చూశాం ఇద్దరం, కరెంటు పని చేసుకునే మనిషి ప్రపంచంలో మేటి బ్యాటర్‌ని వెనక్కి పంపడం.

తిరగేసి చెప్పుకుంటే, చిన్న జట్టు మంచి పిచర్ పోయిన మ్యాచ్‌లోనే వేసేసి విశ్రాంతిలో ఉంటే ఈ సలహా పనికిరాదు. పోర్టోరికో 2023లో ఇజ్రాయెల్‌ని 8 ఇన్నింగ్స్‌లో ఒక్కణ్ని కూడా బేస్ ఎక్కనివ్వకుండా 10-0తో ఆపేసింది, స్టార్టర్ హోసే డి లియోన్ ఒక్కడే 10 స్ట్రైకౌట్లు. అలాంటి రోజు ఏ లైనూ ఆగదు. అందుకే టోర్నమెంటు షెడ్యూలు పక్కన పెట్టుకుని, ఎవడు ఏ రోజు ఎన్ని బంతులు వేశాడో మేనల్లుడు ఒక షీటు తయారుచేశాడు. మాలో అందరికంటే ఎక్కువ పిక్కలు వాడి దగ్గర ఉండటానికి కారణం ఆ షీటే.

మైదానం గురించి ఎక్కువ చెప్పను. టోక్యో డోమ్‌కి కప్పు ఉంది, గాలీ వానా లెక్కలోకి రావు. తైచుంగ్ లాంటి కప్పు లేని చోట గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. ఎడంచేతి పిచర్ ఎదురుగా ఎడంచేతి బ్యాటర్లు మామూలుగా ఇబ్బంది పడతారు, లైనప్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. చాలు.

టోర్నమెంట్లు ఎప్పుడో గానీ రావు. మిగతా రోజుల్లో జపాన్, కొరియా లీగులతో చేయి తిప్పుకోండి. జపాన్‌లో సాయంత్రం 6 మ్యాచ్ మనకి రెండున్నరకి, కొరియాలో ఆరున్నర మ్యాచ్ మనకి 3 గంటలకి, తెల్లవారుజామున లేవక్కర్లేదు. జపాన్‌లో స్టార్టర్లు ఇంచుమించు వారానికొకసారే వేస్తారు, ఎక్కువ ఇన్నింగ్స్ వేస్తారు, కాబట్టి 5 ఇన్నింగ్స్ లెక్క అక్కడ శుభ్రంగా కుదురుతుంది. అక్కడ చేయి తిరిగాక టోర్నమెంట్ల తికమకలోకి రండి.

ఆట కట్టే పద్ధతి ఇదీ. ముగ్గురికీ తలా 50 పిక్కలు. మ్యాచ్‌కొకరు లైన్ కడతారు, వంతులవారీగా. బెల్లం ముక్క ఇద్దరికి పంచేటప్పుడు ఒకడు విరిస్తే ఇంకొకడు ముందు తీసుకుంటాడు చూడండి, అలాగే లైన్ కట్టినవాడికి ఎంచుకునే హక్కు లేదు. మిగతా ఇద్దరూ చెరో చీటీ మీద తమ జట్టు రాసి ఒకేసారి తెరుస్తారు. ఫోన్లో ఉన్నవాడు ముందే మెసేజ్ పెట్టి ఉంచుతాడు, చీటీలు తెరిచాకే దాన్ని చూస్తాం. ఇద్దరూ చెరోవైపు రాస్తే ఓడినవాడు 5 పిక్కలిస్తాడు, అందులో 4 గెలిచినవాడికి, ఒకటి లైన్ కట్టినవాడికి. ఇద్దరూ ఒకే జట్టు రాస్తే లైన్ కట్టినవాడు అవతలి వైపు నిలబడాలి, ఓడితే ఇద్దరికీ నాలుగేసి ఇవ్వాలి, గెలిస్తే ఇద్దరి దగ్గరా అయిదేసి తీసుకుంటాడు. అందుకే లైన్ ఎటూ మొగ్గకుండా కట్టడానికి చచ్చేంత ఆలోచిస్తాడు. లైన్ కట్టడం నేర్చుకుంటేనే లైన్ చదవడం వస్తుంది, నా మాట నమ్మండి.

ఆ ఒక్క పిక్క కోత కావాలనే పెట్టాను. 100 మ్యాచ్‌ల్లో సరిగ్గా సగం గెలిచారనుకోండి. 50 సార్లు నాలుగేసి, 200 వచ్చాయి. 50 సార్లు అయిదేసి, 250 పోయాయి. సగం సరిగ్గా చెప్పి కూడా 50 పిక్కలు తక్కువ. సమానం కావాలంటే 9 మ్యాచ్‌ల్లో 5 గెలవాలి, అంటే నూటికి 56 దగ్గర. యాప్‌లవాళ్లు రెండు వైపులా రూపాయికి రూపాయి తొంభై అని చూపించేదాంట్లో దాగున్నదీ ఇలాంటి కోతే, అక్కడ నూటికి 53 దాకా గెలిస్తే గానీ పెట్టింది వెనక్కి రాదు. మా బావ ఈ లెక్క పిక్కలతో నేల మీద పేర్చి చూశాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరే, మా ఆఫీసులో కుర్రాడికి ఇది చూపించాల్రా" అన్నాడు. మర్నాడు డబ్బా పట్టుకుని వెళ్లి చూపించాడు కూడా.

నోటుబుక్కులో మ్యాచ్‌కొక పేజీ పెట్టండి. తేదీ, స్టార్టర్లు, ఎంతవరకు వేయనిస్తారో మీ అంచనా, మీ లెక్క అంకె, లైన్, 5 ఇన్నింగ్స్‌కి అసలు స్కోరు. కింద ఒక్క వాక్యం, ఎక్కడ తప్పామో. గెలిచిన మ్యాచ్‌లకి కూడా రాయండి, తప్పు లెక్కతో గెలిచిన రోజులు చాలానే ఉంటాయి. నా నోటుబుక్కులో 30 పేజీలు అయ్యాక తెలిసింది, నేను ఓడినవాటిలో ఎక్కువ స్టార్టర్ అనుకున్నదానికంటే ముందే దిగిపోయిన మ్యాచ్‌లేనని. ఆ పేజీలు చూసే ఇప్పుడు అయిదో ఇన్నింగ్స్ వేసేవాడి పేరు ముందు వెతుకుతున్నాను.

మిగిలినవి చిన్న రూల్స్. వానకో కరెంటుకో 5 ఇన్నింగ్స్ పూర్తికాకుండా మ్యాచ్ ఆగిపోతే ఎవరి పిక్కలు వాళ్లకి. 5 ఇన్నింగ్స్ తర్వాత 15 పరుగుల తేడా ఉంటే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మొదటి రౌండులో మ్యాచ్ అక్కడే ఆపేస్తారు, మన పందేనికి ఇబ్బంది లేదు, అయిదూ అయిపోయాయి కదా. పిక్కలు అయిపోయినవాడు డబ్బాలోంచి మళ్లీ 50 తీసుకోవచ్చు, కాకపోతే ఆ రోజు టీ వాడు పెట్టాలి. పుచ్చిన పిక్కలు చెల్లవు, ముందే ఏరి పారేయండి, లేకపోతే లెక్క దగ్గర తగవు వస్తుంది.